రేసింగ్ మేనేజర్ ఆటలకి కుర్చీ, టేబులు, మానిటర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎఫ్‌1 మేనేజర్, మోటార్‌స్పోర్ట్ మేనేజర్, జీపీఆర్‌ఓ (గ్రాండ్ ప్రీ రేసింగ్ ఆన్‌లైన్) లాంటి ఆటలు ఆడేవాళ్ల నుంచి కూర్చునే చోటు గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అన్నిటినీ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనడానికి ముందు

ఇది కూడా రేసింగ్ ఆటే కదా, స్టీరింగ్ పట్టుకుని ఆడేవాళ్లు వాడే కాక్‌పిట్ సీటు తీసుకుంటే పోలా?

వద్దు. ఈ ఆటల్లో కారు నడిపేది మీరు కాదు. టైర్లు ఏ ల్యాప్‌లో మార్చాలి, ఏ డ్రైవర్‌ని ఎంత తరమాలి, వచ్చే సీజన్ కారుకి ఎంత ఖర్చు పెట్టాలి, ఇవీ మీ పనులు. చేతిలో ఉండేది మౌస్. కాక్‌పిట్ సీటేమో పెడళ్ల మీదికి కాళ్లు చాపి, ఒళ్లు వెనక్కి వాల్చి కూర్చోవడానికి చేసింది. అలా వాలిపోయి మౌస్ అందుకోవాలంటే భుజం ముందుకి సాగాలి, తెర కనబడాలంటే తల ఎత్తి పట్టుకోవాలి. గంట తిరిగేసరికి మెడ వెనక నరం పట్టేస్తుంది.

పిట్ వాల్ (ట్రాక్ పక్కన జట్లు కూర్చునే గోడ) మీద ఇంజినీర్లు ఎత్తు పీటల మీద కూర్చుని అరడజను తెరలు చూడటం టీవీలో కనిపిస్తుంది, చాలామందికి ఆశ పుట్టేది అక్కడే. వాళ్లు అలా కూర్చునేది కార్లు ట్రాక్ మీదుండే ఆ కాసిని గంటలే. లెక్కలు కట్టే మిగతా జట్టు ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లోనో బ్రాక్లీలోనో మిల్టన్ కీన్స్‌లోనో ఫ్యాక్టరీ గదిలో వరసగా వేసిన టేబుళ్ల ముందు మామూలు ఆఫీసు కుర్చీల్లోనే ఉంటుంది. మన ఆట ఆ గదిలో పని లాంటిది.

ఇప్పటికే కాక్‌పిట్ ఉంది, దాన్నే వాడుకునే దారి లేదా?

ఉంది, కానీ గంటో గంటన్నరో ఆడటానికే. వీపు పలకని వీలైనంత నిటారుగా తేవాలి, పెడళ్ల పలకని తీసేసి పాదాలు నేల మీద ఆనేలా చూడాలి. చేతుల కింద అడ్డంగా 60 × 30 సెం.మీ. పలక ఒకటి పెట్టుకుని దాని మీద మౌస్ ఆడించాలి. అల్యూమినియం ప్రొఫైల్‌తో కట్టిన ఫ్రేమ్ అయితే పక్కకి తిరిగే కీబోర్డు ట్రే బిగించుకోవచ్చు. అది మోచేతి ఎత్తులో ఉండాలి, మోకాలి ఎత్తులో కాదు.

డబ్బు తక్కువే ఉంది. ముందు దేని మీద పెట్టాలి?

కుర్చీ మీద. ఉన్న దాంట్లో సగం దానికే పోయినా తప్పు లేదు. తర్వాత ఒక్క మంచి మానిటర్, ఆ తర్వాత మానిటర్‌ని ఎత్తి పట్టే చెయ్యి (మానిటర్ ఆర్మ్). రెండో మానిటర్, రంగు దీపాలు ఆఖర్న. ఈ ఆటలకి పెద్ద గ్రాఫిక్స్ కార్డు అవసరం కూడా తక్కువే, అక్కడ మిగిలింది కుర్చీకి మళ్లించండి.

జీపీఆర్‌ఓ లాంటి బ్రౌజర్ ఆటకి ఇంత ఏర్పాటు అవసరమా?

లేదు. అందులో సెటప్, వ్యూహం ముందే నింపి పెడతారు, రేసు దానంతటదే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌ని ఎత్తుగా పెట్టి విడి మౌస్, కీబోర్డు కలిపితే చాలు. గంటల తరబడి పట్టికలు నింపేవాళ్లైతే కుర్చీ మాత్రం మంచిది చూసుకోండి.

## కుర్చీ ఎంచుకోవడం

బకెట్ ఆకారంలో వచ్చే గేమింగ్ కుర్చీ బాగుంటుందా, ఆఫీసు కుర్చీనా?

ఆఫీసు కుర్చీ. బకెట్ సీటుకి రెండు పక్కలా లేచి ఉండే గట్లు నిజం కారులో మలుపుల దగ్గర ఒంటిని పట్టుకోవడానికి. గదిలో మీరు ఏ మలుపూ తిరగరు. ఆ గట్లు తొడలని లోపలికి నొక్కుతాయి, కాలు మడిచి కూర్చోనివ్వవు. భుజాల దగ్గరి రెక్కలు చేతులని ముందుకి తోస్తాయి. నడుముకి తాడుతో కట్టిన దిండు జారి తుంటి దగ్గరికి దిగుతుంది, ఎక్కడ ఉండాలో అక్కడ ఉండదు.

ఆఫీసు కుర్చీలో చూడాల్సినవి: సీటు ఎత్తు, సీటు లోతు, నడుము ఆన్పు ఎత్తు, కుర్చీ చేతుల (ఆర్మ్‌రెస్టుల) ఎత్తు. ఈ నాలుగూ విడివిడిగా మారాలి. బీఐఎఫ్‌ఎంఏ (ఫర్నిచర్ తయారీదార్ల సంఘం) పరీక్ష పాసైనట్టు రాసి ఉంటే మంచిదే, అది కుర్చీ గట్టితనం గురించి చెప్తుంది. మీ ఒంటికి సరిపోతుందో లేదో కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

రెక్సిన్ తీసుకోవాలా, మెష్ తీసుకోవాలా?

ఏసీ లేకుండా ఆడేవాళ్లకి మెష్. మే నెలలో విజయవాడలో గానీ రామగుండంలో గానీ రెక్సిన్ సీటులో అరగంట కూర్చుంటే చొక్కా వీపుకి అంటుకుంటుంది. ఇంకో సంగతి, తోలులా కనిపించే పీయూ పొర తేమకి పాడవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో రెండు మూడేళ్లకే పెచ్చులు రాలడం మామూలే. కొత్త కవరు కుట్టించడం తప్ప బాగుచేసే దారి లేదు. మెష్ వీపు, గుడ్డ కప్పిన ఫోమ్ సీటు కలిసినది మా లెక్కలో అన్నిటికంటే మేలు. సీటు కూడా మెష్ అయితే ముందు అంచు గట్టి చట్రం తొడ కింద కోస్తుందేమో చూసుకోండి.

సీటు లోతు అంటే ఏంటి, ఎలా చూసుకోవాలి?

వీపు పలక నుంచి సీటు ముందు అంచు వరకు ఉన్న దూరం. నడుము పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చోండి. మోకాలి వెనక మడతకి, సీటు అంచుకి మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి, అంటే దాదాపు 5 సెం.మీ. వేళ్లు దూరకపోతే సీటు మీకు పొడవెక్కువ. అప్పుడు మీకు తెలియకుండానే ముందుకి జరుగుతారు, నడుము గాల్లో ఉండిపోతుంది. ఐదున్నర అడుగుల లోపు ఎత్తున్న వాళ్లకి విదేశీ కొలతల కుర్చీల్లో ఎదురయ్యే తంటా ఇదే. సీటు ముందుకీ వెనక్కీ జరిగే రకం దొరక్కపోతే వీపుకి 4-5 సెం.మీ. మందమున్న గట్టి దిండు ఆనించండి.

ఆఫీసుల్లో వాడేసిన కుర్చీలు చవగ్గా వస్తున్నాయి. కొనొచ్చా?

నిక్షేపంగా. హైదరాబాద్, బెంగళూరుల్లో ఆఫీసులు ఖాళీ అయినప్పుడు ఇలాంటివి అమ్మకానికి వస్తాయి. కొత్త చౌక కుర్చీ కంటే పాత మంచి కుర్చీ నయం. కొనేముందు పూర్తి ఎత్తుకి లేపి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. కిందికి దిగితే గ్యాస్ లిఫ్ట్ పోయినట్టే. దాన్ని మార్చుకోవచ్చు, ఆ మేరకి బేరమాడండి. తర్వాత తలకిందులు చేసి, చక్రాలుండే ఐదు కాళ్ల అడుగున సన్నని బీటలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. బీట కనబడితే ఎంత చవకైనా వదిలేయండి. అది ఒకరోజు మీ కింద విరుగుతుంది.

## కుర్చీ, టేబులు ఎత్తు కుదుర్చుకోవడం

కుర్చీ ఎంత ఎత్తులో పెట్టాలి? ఒక లెక్క చెప్పండి.

టేప్ తీసుకోండి. చెప్పులు లేకుండా కుర్చీలో కూర్చుని పాదాలు నేలకి ఆనించండి. భుజాలు వదిలేసి మోచేయి మడవండి. నేల నుంచి మోచేతి కింది వరకు ఎంతుందో ఇంకొకరిని కొలవమనండి. సుమారు 165 సెం.మీ. ఎత్తున్న మనిషికి అది 64-66 సెం.మీ. దగ్గర వస్తుంది, 180 సెం.మీ. మనిషికి 70 దాటుతుంది. మీ టేబులు ఉండాల్సిన ఎత్తు అదే.

ఇప్పుడు టేబులు కొలవండి. బజారులో దొరికేవి చాలావరకు 75 సెం.మీ. ఉంటాయి. అంటే 165 సెం.మీ. మనిషికి 10 సెం.మీ. ఎక్కువ. భుజాలు చెవుల దాకా లేచిపోయి, రేసు అయ్యేసరికి మెడకీ భుజానికీ మధ్య కండ రాయిలా గట్టిపడేది ఈ 10 సెం.మీ. వల్లే.

టేబులు దించలేకపోతే కుర్చీని పైకి లేపండి, మోచేయి టేబులు మట్టానికి వచ్చేదాకా. అప్పుడు పాదాలు గాల్లో వేలాడతాయి. ఎంత లేపారో అంత ఎత్తు పీట పాదాల కింద వేయండి. ఫోమ్ మెత్తబడి కిందికి దిగుతుంది కాబట్టి పది నిమిషాలు కూర్చున్నాక ఇంకోసారి కొలవడం మంచిది.

పాదాల పీట కొనాలా?

కొనక్కర్లేదు. 45 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు ఉన్న ప్లైవుడ్ పెట్టె చాలు. మీ వైపు ఎత్తు 8, అవతలి వైపు 12 సెం.మీ. ఉంటే పాదం కాస్త వాలుగా ఆనుతుంది. జారకుండా అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అంటించండి.

వడ్రంగితో టేబులు చేయిస్తున్నాం. కొలతలు ఏం చెప్పాలి?

ఎత్తు మీ మోచేతి కొలత. ఇంట్లో ఇంకెవరైనా వాడతారనుకుంటే పొడుగు మనిషి కొలత తీసుకుని, పొట్టివాళ్లకి పీట వేయండి. లోతు 75 సెం.మీ., 60 ఒప్పుకోవద్దు. పొడవు ఒక మానిటర్‌కి 120, రెండిటికి 150. పై పలక 19 మి.మీ. ప్లైవుడ్. రెండు మానిటర్ల బరువు వెనక అంచున వేలాడుతుంది కాబట్టి ఆ అంచు కింద మరో ప్లైవుడ్ పట్టీ వేయించండి. సన్‌మైకా మ్యాట్‌ది. మెరిసేది వేస్తే ట్యూబులైటు దాంట్లో కనిపిస్తూ కళ్లలో పడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పండి, మధ్యలో సొరుగు వద్దని. చెప్పకపోతే వేసేస్తారు. 10 సెం.మీ. సొరుగు తొడలకి తగులుతుంది, కుర్చీ లేపనివ్వదు. ముందు అంచుని గుండ్రంగా తీయించండి. పదునుగా ఉంటే మణికట్టు దగ్గర నొక్కుకుపోతుంది.

కుర్చీ చేతులు ఉండాలా, తీసేయాలా?

టేబులు కిందికి దూరి, టేబులు మట్టంలో నిలిచేవైతే ఉంచండి. టేబులు అంచుకి తగిలి కుర్చీని దూరంగా ఆపేస్తుంటే తీసేయడమే నయం, చాలా కుర్చీలకి అవి కింద రెండు మూడు బోల్టులతో ఊడతాయి. ఈ ఆటల్లో కుడిచెయ్యి మౌస్ మీద ఉంటుంది, ఎడమ చేతికి పనుండదు. దాంతో ఎడమ మోచేతి మీద వాలిపోవడం అలవాటవుతుంది. వెన్ను పక్కకి వంగి కుడి నడుము నొప్పి పుడుతుంది. కుర్చీ చేతులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో టేప్ పెట్టి చూడండి, కంటికి తెలియదు.

వీపు పలక నిటారుగా ఉండాలా, వాలుగానా?

కొద్దిగా వాలుగా, 100 నుంచి 110 డిగ్రీల మధ్య. వాలే యంత్రాంగానికి తాళం వేయకుండా వదిలేసి, సీటు కింది మరని మీ బరువుకి తగ్గట్టు తిప్పుకోండి. వెనక్కి వాలితే మెల్లగా వెళ్లాలి, లేస్తే మెల్లగా తోయాలి. నడుము ఆన్పు ప్యాంటు బెల్టు మట్టంలో గానీ రెండు వేళ్లు పైన గానీ ఉండాలి.

## మానిటర్ ఎంచుకోవడం

ఎన్ని అంగుళాలది కొనాలి?

అంగుళాల కంటే ముందు అక్షరాలు చూడాలి. ఈ ఆటలో మీరు చూసేది కారుని కాదు, అంకెల్ని: ముందు కారుకి దూరం, టైరు అరుగుదల, ఇంధనం. ఇంట్లో ఉన్న ఏ తెర మీదైనా రేసుని ఆపి, స్కేలు తెరకి ఆనించి ల్యాప్ టైము అంకె ఎత్తు కొలవండి. 60 సెం.మీ. దూరం నుంచి చదవాలంటే అది కనీసం 3 మి.మీ. ఉండాలి, 3.5 ఉంటే హాయి. 24 అంగుళాల 1080పి (నిలువునా 1080 పిక్సెళ్ల) తెర మీద 3 మి.మీ. అంటే 11 పిక్సెళ్లు. 27 అంగుళాల 4కే మీద అదే 3 మి.మీ.కి 19 పిక్సెళ్లు కావాలి. అంటే 4కే తెర కొని ఆటలో అక్షరాలు పెంచే వీలు లేకపోతే అన్నీ చీమల్లా కనిపిస్తాయి.

అందుకే ఎక్కువమందికి 27 అంగుళాల 1440పి సరైన జోడీ. చిన్న టేబులుకి 24 అంగుళాల 1080పి చాలు. 27 అంగుళాల్లో 1080పి మాత్రం వద్దు, పట్టికల్లో అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. 32 అంగుళాల 4కే బాగుంటుంది కానీ టేబులు లోతు 75 సెం.మీ. లేకపోతే తెచ్చుకోవద్దు.

అల్ట్రావైడ్ ఎలా ఉంటుంది?

34 అంగుళాలది సుమారు 80 సెం.మీ. వెడల్పు. ట్రాక్ మొత్తం కనబడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఈ రకం ఆటల్లో స్థానాల పట్టిక ఎడమ అంచున, ఇద్దరు డ్రైవర్ల పెట్టెలు కింద చెరో మూలన ఉండటం మామూలు. తెర వెడల్పైన కొద్దీ ఆ రెండు పెట్టెలూ దూరం జరుగుతాయి. మొదటి డ్రైవర్‌కి టైరు మార్చి, రెండో వాడి ఇంధనం చూడాలంటే తల తిప్పాలి. 34 వరకు కళ్లతోనే సర్దుకోవచ్చు, 49 అంగుళాలది రోజంతా మెడతో ఆడే ఆట. ఆ ఆటకి మీ తెర ఆకారం సరిపోతుందా లేక రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయా అన్నది కొనేముందే చూసుకోండి.

144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మారే) తెర అవసరమా?

లేదు. 60 చాలు, 75 ఉంటే మౌస్ కదలిక కాస్త నున్నగా ఉంటుంది.

తెర ప్యానెల్ రకాలు ఓఎల్‌ఈడీ, ఐపీఎస్, వీఏ, వీటిలో ఏది?

ఐపీఎస్. పట్టిక, డ్రైవర్ పెట్టెలు, ల్యాప్ లెక్క గంటల తరబడి అక్కడే కదలకుండా ఉండే ఆట ఇది, ఓఎల్‌ఈడీ తెర మీద శాశ్వతంగా మచ్చ పడిపోవడానికి ఇంతకంటే అనువైన పని లేదు. పైగా దాని పిక్సెళ్ల అమరిక వల్ల సన్న అక్షరాల చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. వీఏలో నలుపు బాగుంటుంది, కానీ ముదురు రంగు పట్టికని పైకీ కిందికీ జరిపితే అక్షరాలు తోకలు వేస్తాయి.

మూడు మానిటర్లు పెడితే ట్రాక్ చుట్టూ కనబడుతుందా?

అది డ్రైవింగ్ ఆటల సౌకర్యం. అక్కడ పక్క తెరల్లో పక్క కారు కనబడాలి. మేనేజర్ ఆటలు ఎక్కువగా ఒకే కిటికీలో నడుస్తాయి, మిగతా రెండు తెరలు ఖాళీగా వెలుగుతూ గది వేడెక్కిస్తాయి.

మరి రెండో మానిటర్‌తో ఏం చేస్తారు?

లెక్కల పట్టిక వేసుకుంటారు. ఉదాహరణకి బహ్రెయిన్ రేసు, 57 ల్యాపులు. ఒక వరసలో ల్యాపు, పక్కన వెనక కారుతో తేడా, టైరు శాతం, ఇంధనం, పిట్‌కి (టైర్లు మార్చే చోటికి) వెళ్తే పోయే సెకన్లు. పిట్‌కి పోయేది 23 సెకన్లనుకుంటే, వెనక కారుతో తేడా 24 సెకన్లు దాటిన ల్యాపు కనబడగానే మీ కారుని పిట్‌కి పిలిచేయొచ్చు. దీనికి కొత్త మానిటర్ అక్కర్లేదు, అటక మీదున్న పాత 22 అంగుళాలది చాలు. నిలువుగా తిప్పి పెట్టాలనుకుంటే అది ఐపీఎస్‌దై ఉండాలి. పాత టీఎన్ రకం తెర నిలువుగా పెడితే ఒక కంటికి ఒక రంగు, ఇంకో కంటికి ఇంకో రంగు కనిపిస్తుంది.

పెద్ద టీవీ ఉంది. సోఫాలో కూర్చుని కంట్రోలర్‌తో ఆడితే?

ఎఫ్‌1 మేనేజర్ కన్సోళ్ల మీద కూడా వచ్చింది కాబట్టి వీలవుతుంది. కానీ 2.5 మీటర్ల దూరం నుంచి సులువుగా చదవాలంటే అంకె 12-13 మి.మీ. ఉండాలి. 43 అంగుళాల 1080పి టీవీ మీద అది దాదాపు 25 పిక్సెళ్లు. స్కేలుతో కొలవండి, చాలకపోతే సోఫా ముందుకి జరపాల్సిందే.

## మానిటర్ బిగించడం

తెర ఎంత ఎత్తు, ఎంత దూరం?

దూరం చెయ్యి చాపితే వేలి కొసలు తెరకి తగిలేంత, 60-70 సెం.మీ. ఎత్తు విషయంలో పై అంచు కంటి మట్టానికి గానీ 3-5 సెం.మీ. కిందికి గానీ ఉండాలి. ఎదురుగా గోడ మీద కంటి ఎత్తులో పెన్సిల్ గుర్తు పెట్టుకుని దాని ప్రకారం జరపండి. పై భాగం 10 నుంచి 20 డిగ్రీలు వెనక్కి వాల్చండి.

చదవడానికీ దూరానికీ కలిపి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి ఈ లెక్క పనిచేయదు. అద్దం కింది భాగంలోంచి చూడాలి కాబట్టి వాళ్లు గడ్డం పైకెత్తి చూస్తుంటారు, మెడ నొప్పి అందుకే. తెరని ఇంకో 5-8 సెం.మీ. దించి, ఇంకా వెనక్కి వాల్చండి. కంప్యూటర్ దూరానికి విడిగా ఒక అద్దం రాయించుకోవడం ఇంకా మేలు.

రెండు మానిటర్లు ఎలా పెట్టాలి? మధ్యలో గీత ఎదురుగా వస్తోంది.

ఆ గీత ఎదురుగా రాకూడదు. ఆట ఉన్న తెర మధ్య భాగం మీ ముక్కుకి నేరుగా ఉండాలి. రెండోది దానికి ఆనించి, మీ వైపు 30 డిగ్రీలు తిప్పండి. ఎడమా కుడా అంటే, స్థానాల పట్టిక ఎడమన ఉండే ఆటైతే ఎడమ పక్కన పెట్టండి, చూపు తక్కువ దూరం తిరుగుతుంది. రెండు తెరల వెలుగు ఒకే తీరులో ఉండాలి. ఒకటి మసక, ఒకటి మిరుమిట్లు అయితే చూపు మారిన ప్రతిసారీ కన్ను సర్దుకోవాలి.

టేబులు లోతు 60 సెం.మీ.నే. స్టాండు సగం చోటు తినేస్తోంది.

మానిటర్ చెయ్యి బిగించండి. స్టాండు తినే 20-25 సెం.మీ. తిరిగొస్తుంది. కొనేముందు మానిటర్ వెనక చూడండి. నాలుగు మర రంధ్రాల మధ్య దూరం 75 × 75 లేదా 100 × 100 మి.మీ. ఉండాలి. స్టాండు తీసిన మానిటర్ బరువు ఆ చెయ్యి మోసే హద్దులో ఉండాలి. మరీ తేలికైనా కష్టమే, చెయ్యి కిందికి రాదు. ఇంకోటి, మడిచినప్పుడు చెయ్యి మోచేయి వెనక్కి పొడుచుకొస్తుంది. టేబులు గోడకి ఆనించి ఉంటే తెర మళ్లీ ముందుకే వస్తుంది. టేబుల్ని గోడ నుంచి 10-15 సెం.మీ. లాగండి.

గాజు టేబులుకి ఈ చెయ్యి బిగించొద్దు. పొట్టు చెక్క (పార్టికల్ బోర్డు) టేబులైతే క్లాంపు కిందా పైనా చిన్న ఇనుప పలక గానీ 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క గానీ వేయండి, లేకపోతే చెక్క నలిగి గుంట పడుతుంది.

మానిటర్ వెనక మరలు బిగిస్తుంటే ఏదో అడ్డం పడుతోంది.

అక్కడే ఆపండి. చాలా మానిటర్లకి పడేది ఎం4 మర, పొడవు 10 లేదా 12 మి.మీ. అంతకంటే పొడవైనది తిప్పితే లోపలి ప్యానెల్ పగులుతుంది. రంధ్రాలు గుంటలో ఉన్న మానిటర్లకి మాత్రం పెట్టెలో వచ్చిన గొట్టపు ముక్కలు వేసి పొడవు మరలు వాడాలి.

మానిటర్ చెయ్యి మెల్లగా కిందికి దిగిపోతోంది.

స్ప్రింగు బిగువు చాలట్లేదు. మానిటర్ తగిలించి, చెయ్యిని నేలకి సమాంతరంగా పట్టుకుని, అలెన్ కీతో ప్లస్ గుర్తు వైపు పావు చుట్టు చొప్పున తిప్పండి. మానిటర్ తీసేటప్పుడు జాగ్రత్త. ముందు చెయ్యిని పూర్తిగా పైకి లేపాకే విప్పాలి. కింద ఉండగా విప్పితే బరువు పోయిన చెయ్యి ఒక్కసారిగా ఎగిరి మొహానికి తగులుతుంది.

## కేబుళ్లు, కరెంటు, సెట్టింగులు

కొత్త మానిటర్ పెట్టాక ఆట ముందుకంటే నత్తనడక నడుస్తోంది. ఎందుకు?

కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టి ఉంటారు. పీసీ వెనక నిలువుగా ఉన్న పోర్టుల గుంపు మదర్‌బోర్డుది, దాని కింద అడ్డంగా ఉండేది గ్రాఫిక్స్ కార్డుది. అందులో పెట్టండి. 4కే తెర 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతే అది పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టో కేబులో అయి ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ వాడితే ఆ గొడవ ఉండదు.

పక్క తెర మీద నొక్కగానే ఆట మాయమైపోతోంది.

ఆట సెట్టింగుల్లో ఫుల్‌స్క్రీన్ తీసి, అంచుల్లేని కిటికీ అన్నది పెట్టండి. ఆట తప్పు తెర మీద తెరుచుకుంటే విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కితే పక్క తెరకి వెళ్తుంది.

కరెంటు పోతే రేసు మొత్తం పోతోంది. ఏ యూపీఎస్ కొనాలి?

మామూలు 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టుపక్కల. ఈ ఆటలప్పుడు మధ్యరకం పీసీ 200-300 వాట్లు, 27 అంగుళాల మానిటర్ 25-40 వాట్లు తీసుకుంటాయి. కాబట్టి హద్దు మీద నడుస్తుంది. 1000 వీఏది తీసుకుంటే రేసు ఆపి, వీలుంటే సేవ్ చేసి, పీసీ కట్టేసేంత వ్యవధి దొరుకుతుంది. రెండో మానిటర్‌ని యూపీఎస్‌కి కాకుండా గోడకే పెట్టండి. కరెంటు పోగానే యూపీఎస్ ఉండి కూడా పీసీ ఆగిపోతుంటే, దాని కరెంటు తరంగం మీ ఎస్ఎంపీఎస్‌కి (పీసీ లోపలి పవర్ సప్లైకి) పడట్లేదని అనుమానించాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని ఎస్ఎంపీఎస్‌లు మెట్ల తరంగం ఇచ్చే యూపీఎస్‌తో ఇలా పేచీ పెడతాయి, వాటికి ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి. సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

## ఆడుతున్నప్పుడు

గంటకే కళ్లు మండుతున్నాయి.

ముందు ఫ్యాను చూడండి. ఎదురుగా తగిలే గాలికి కన్ను ఆరిపోతుంది, అంకెల మీదే చూపు నిలిపినప్పుడు రెప్ప వేయడం ఎలాగూ తగ్గుతుంది. తర్వాత వెలుగు. తెర మీద తెల్ల పేజీ తెరిచి పక్కన తెల్ల కాగితం పట్టుకోండి, తెర దీపంలా వెలిగితే వెలుగు తగ్గించాలి. కిటికీ మీ పక్కన ఉండాలి, ఎదురుగానో వెనకో కాదు. జీపీఆర్‌ఓ రేసులు యూరప్ సాయంత్రం వేళ నడుస్తాయి, అంటే మనకి అర్ధరాత్రి చుట్టుపక్కల. అందరూ పడుకున్నారని గదిలో దీపం ఆర్పి చూడొద్దు. మానిటర్ వెనక గోడ మీద పడేలా చిన్న తెల్ల దీపం వేసుకోండి.

కుడి మణికట్టు, భుజం నొప్పి. ఆట మానలేను.

కీబోర్డుని పక్కకి నెట్టండి. ఈ ఆటలో దానితో పని స్పేస్ బార్ లాంటి రెండు మూడు మీటలకే, అయినా అందరూ దాన్ని మధ్యలో పెట్టుకుని మౌస్‌ని కుడి కొసకి తోసేస్తారు. మౌస్ కుడి భుజానికి నేరుగా ముందు ఉండాలి. నంబర్ల మీటలు లేని చిన్న కీబోర్డు అయితే ఆ 8-10 సెం.మీ. చోటు ఊరికే దొరుకుతుంది. తిమ్మిరి, వేళ్లలో పట్టు తగ్గడం ఉంటే డాక్టర్‌కి చూపించండి, సర్దుబాట్లతో కాలం గడపొద్దు.

మధ్యలో లేవమంటారు. రేసు వదిలి ఎలా లేస్తాం?

ఆపి లేవండి, ఇది మేనేజర్ ఆట, ఆగుతుంది. ఎఫ్‌1 మేనేజర్‌లో 16 రెట్ల వరకు వేగం పెంచే వీలున్నప్పుడు అందరూ వేగం పెంచి ముందుకి వంగి కూర్చుంటారు, వీపు పలక ఖాళీగా ఉంటుంది. ప్రాక్టీస్, క్వాలిఫైయింగ్, రేసు, వీటి మధ్య ఒక్కోసారి లేచి నీళ్లు తాగి వస్తే చాలు, గడియారం పెట్టుకోనక్కర్లేదు.

## పాడైనప్పుడు

కుర్చీ కిర్రుమంటోంది.

సీటు అడుగున నాలుగు బోల్టులు వదులై ఉంటాయి. 5 లేదా 6 మి.మీ. అలెన్ కీతో ఎదురెదురు మూలలు చొప్పున బిగించండి. శబ్దం వాలినప్పుడే వస్తే, ఇరుసు దగ్గర కాస్త గ్రీజు పెట్టాలి. కొబ్బరి నూనె వేయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది.

చక్రాలు టైల్స్ మీద గీతలు పెడుతున్నాయి, కుర్చీ ఊరికే జారిపోతోంది.

గట్టి నైలాన్ చక్రాలు తివాచీ కోసం. టైల్స్‌కి మెత్తటి పీయూ చక్రాలు కొనండి. పాతదాన్ని కాడ పట్టుకుని గట్టిగా లాగితే ఊడుతుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. కాడ మందం ముందే కొలవండి, 11 మి.మీ. ఎక్కువగా కనిపించేది.

కూర్చోగానే కుర్చీ దిగిపోతోంది. కొత్తది కొనాలా?

గ్యాస్ లిఫ్ట్ మారిస్తే చాలు. క్లాస్ 4 అని రాసి ఉన్నది అడగండి, పాతదాని మొత్తం పొడవు కొలిచి అంతే పొడవుది తీసుకోండి. కుర్చీని పడుకోబెట్టి, కాళ్ల మధ్యలోంచి బయటికి కనిపించే గుండ్రని భాగాన్ని రబ్బరు సుత్తితో కొడితే కాళ్లు విడిపోతాయి. పై కొస సీటులో ఇరుక్కుంటే పైపు రెంచీతో పట్టి తిప్పుతూ లాగాలి. సిలిండర్‌ని కోయడం, వేడి చేయడం చేయొద్దు, లోపల గ్యాసు చాలా ఒత్తిడిలో ఉంటుంది.

కొత్తది వచ్చేలోపు రోజు గడవాలంటే ఒక ఉపాయం ఉంది. కుర్చీని మీకు కావలసిన ఎత్తుకి లేపి, మెరిసే కడ్డీ ఎంత పొడవు కనబడుతోందో కొలవండి. కడ్డీ పట్టేంత లావున్న పీవీసీ పైపుని అంతే పొడవుకి కోసి, నిలువునా ఒక చీలిక పెట్టి కడ్డీకి తొడగండి. ఎత్తు మార్చుకోలేరు కానీ కుర్చీ దిగదు.